ముఖం రంగు స్లైడ్‌ని అడగండి, ఆటో బటన్‌ని కాదు

స్లైడ్ ఫిల్మ్ (రంగులు ఉన్నవి ఉన్నట్టు ఫిల్మ్ మీదే కనిపించే రకం) మీద తీసిన ముఖాలు స్కాన్ చేశాక ఎర్రబడిపోతున్నాయనో నీలంగా మారుతున్నాయనో చాలామంది ఫిల్మ్‌ని తిడుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. తిట్టే ముందు ఆ స్లైడ్‌ని 5000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం) లైట్‌బాక్స్ మీద, అంటే కింద నుంచి వెలుగిచ్చే పెట్టె మీద పెట్టి, లూప్ అనే చిన్న భూతద్దంతో ఒక్కసారి చూశారా? అక్కడ ముఖం బాగుంటే లోపం స్కానింగ్‌లో ఉంది. అక్కడే తేడాగా ఉంటే షూటింగ్‌లో ఉంది. నెగెటివ్‌ని చూసి అసలు రంగు చెప్పలేం. స్లైడ్‌లో రంగు కళ్లెదురుగానే ఉంటుంది. అంత మంచి సాక్షిని పక్కనపెట్టి సాఫ్ట్‌వేర్ మాట నమ్మడం ఏమిటి?

ముందు షూటింగ్ సంగతి. డేలైట్ స్లైడ్ ఫిల్మ్ దాదాపు 5500 కెల్విన్ వెలుగుకి తయారైంది. ఎండ తగలని చోట ముఖం మీద పడేది ఆకాశపు నీలం. మన కళ్లు సర్దుకుంటాయి, ఫిల్మ్ సర్దుకోదు. ఆ నీలాన్ని తగ్గించడానికి లెన్స్‌కి పెట్టే 81ఎ లాంటి వార్మింగ్ ఫిల్టర్లు ఉన్నది అందుకే. గడ్డి మీద కూర్చోబెట్టి తీస్తే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ పడుతుంది. ముఖంలో ఆ ఒక్క చోటే ఉంటుంది కాబట్టి తర్వాత దాన్ని తీయడం మహా తలనొప్పి. ఇక రంగుల్ని బాగా గాఢంగా చూపించే వెల్వియా 50 ఫిల్మ్‌తో పోర్ట్రెయిట్ తీసి బుగ్గలు మండిపోతున్నాయంటే ఏం చెప్పను? ప్రకృతి దృశ్యాలకి అది అద్భుతం. మనుషులకి ప్రోవియా 100ఎఫ్, ఎక్టాక్రోమ్ ఇ100 నయం. చర్మానికి అన్నిటికన్నా మెత్తగా ఉండే ఆస్టియా ఆగిపోయింది. ఆ లోటు ఇప్పటికీ బాధే.

ఎక్స్‌పోజర్‌లో, అంటే ఫిల్మ్‌కి అందే వెలుగులో, అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తేడా వచ్చినా ముఖం రంగు మారిపోతుంది. కాస్త ఎక్కువైతే నుదురు మీద రంగే మిగలదు, దాన్ని ఏ స్కానరూ వెనక్కి తేలేదు. కెమెరా మీటర్ ప్రతిదాన్నీ మధ్యస్థ బూడిద రంగు చేయాలని చూస్తుంది. నల్లని ముఖాన్ని తెల్లబరుస్తుంది, తెల్లని ముఖాన్ని మసకబారుస్తుంది. ముఖం దగ్గర ఇన్సిడెంట్ మీటర్ (ముఖం నుంచి తిరిగొచ్చే వెలుగుని కాక, ముఖం మీద పడే వెలుగుని కొలిచేది) పెట్టి కొలవండి, ఈ గొడవ చాలావరకు తీరుతుంది. ఒకప్పుడు ల్యాబుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ఇచ్చిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి మహిళలే ఉండేవారు. ఆ కార్డులు పోయినా ఆ అలవాటు పోలేదు. నల్లని మనిషిని రెండు ఛాయలు తెలుపు చేసి ‘కరెక్షన్ చేశాను’ అనేవాళ్లని చూస్తే నిజంగా కడుపు మండుతుంది.

స్కానింగ్‌లో మొదట చేయాల్సింది ఆటో కలర్ ఆపేయడం. సాయంత్రపు ఎండలో ముఖం మీద పడిన బంగారు వెలుగు కూడా దానికి లోపంలాగే కనిపిస్తుంది, తుడిచేస్తుంది. ఆ ఫిల్మ్ రకానికి సరిపోయే ఐటీ8 టార్గెట్‌తో (కొలిచి పెట్టిన రంగుల నమూనా స్లైడ్) స్కానర్‌కి ప్రొఫైల్, అంటే రంగులు సరిచేసే ఫైల్, చేసుకోండి. కొడాక్రోమ్ అనే పాత స్లైడ్ ఫిల్మ్‌లో డైలు (రంగు పదార్థాలు) వేరు. ఇ-6 పద్ధతిలో డెవలప్ చేసే మామూలు స్లైడ్ ఫిల్మ్ ప్రొఫైల్‌తో దాన్ని స్కాన్ చేస్తే ముఖాలు నీలంగా రావడం మామూలే, దుమ్ము మచ్చల్ని స్కానరే తీసేసే ఇన్‌ఫ్రారెడ్ డస్ట్ క్లీనింగ్ కూడా దాని మీద సరిగ్గా పనిచేయదు.

కెమెరాతో స్లైడ్లు కాపీ చేసేవాళ్లు స్లైడ్ వెనక పెట్టే ఎల్ఈడీ ప్యానెల్ కొనేటప్పుడు సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 దాటిందా అని మాత్రమే చూస్తున్నారు. ఆర్9 విలువ కూడా చూడండి. అది ముదురు ఎరుపు ఎంత సరిగ్గా కనిపిస్తుందో చెప్పే అంకె, చర్మంలో జీవం ఉండేది ఆ ఎరుపులోనే. వైట్ బ్యాలెన్స్ స్లైడ్ పెట్టకుండా ఖాళీ ప్యానెల్ మీద సెట్ చేసుకోండి. కంటి తెలుపు మీదో పళ్ల మీదో ఐడ్రాపర్ (ఇదే తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే టూల్) నొక్కకండి, అవి అచ్చమైన తెలుపు కావు.

నీడలో తీయడం వల్ల స్లైడే నీలంగా ఉంటే, అసలు స్కాన్ అలాగే దాచుకుని కాపీ మీద సరిచేయండి. వెలుగు పడిన బుగ్గ మీద సాఫ్ట్‌వేర్ చూపించే అంకెల్లో ఎరుపు ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం వచ్చేదాకా కర్వ్స్‌లో (రంగుల్ని విడివిడిగా సర్దే టూల్) నీలం తగ్గించుకుంటూ వెళ్లండి. ఏ మనిషి చర్మమైనా హ్యూ (ఎరుపా, పసుపా అనే రంగు రకం) దాదాపు ఒక్క చోటే ఉంటుంది. ఎక్కువ తేడా వెలుగులో, గాఢతలో. అందుకే నీలం వదిలాక బ్రైట్‌నెస్ జోలికి వెళ్లకండి.