సవరణ: నాలుగు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్

‘వాట్లు సరిపోతే చాలు, ఒక చానెల్‌కు ఎన్ని స్పీకర్లయినా సమాంతరంగా కలపవచ్చు’ అని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఆ మాట నమ్మి తీగలు బిగించినవారు ముందు ఆంప్లిఫయర్ ఆపేయండి.

నేను ఓముల లెక్క, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు లెక్క, వదిలేశాను. ఓములు తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే ఆంప్లిఫయర్ మీద పడే లోడ్ 4 ఓములు. నాలుగు కలిపితే 2 ఓములే. వెనుక ‘కనీసం 4 ఓములు’ అని రాసి ఉన్న ఆంప్లిఫయర్ నుంచి అప్పుడు పరిమితికి మించిన కరెంటు లాగుతాయి. అదృష్టం బాగుంటే రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది, లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. నాలుగూ తప్పనిసరైతే రెండేసి చొప్పున శ్రేణిలో (ఒకదాని తరవాత ఒకటిగా) కలిపి, ఆ 16 ఓముల జతలు రెండింటినీ సమాంతరంగా కలపండి. మళ్లీ 8 ఓములు వస్తాయి. నాలుగూ ఒకే రకమైతేనే ఈ లెక్క. ఆంప్లిఫయర్ 100 వాట్లు ఇస్తే ఒక్కోదానికి 25 అందుతాయి.

మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకర్ 6 చిల్లర చూపడం మామూలే, కంగారు పడకండి.

‘చిన్న ఆంప్లిఫయర్ వల్ల స్పీకర్ పాడవదు’ అన్న వాక్యాన్నీ కొట్టేశాను. ఆంప్లిఫయర్ శక్తికి మించి వాల్యూమ్ పెంచితే అది పంపే సిగ్నల్ తరంగాల తలలు తెగిపోతాయి. అప్పుడు ముందు బలయ్యేది ట్వీటరే, అంటే కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకరే.