మోకాలి దగ్గర చిరిగిన భక్తి

ఆరాధనకు ఏ బట్టలు వేసుకుని రావాలి, అక్కడ ఏ వాద్యం మోగాలి అన్న విషయంలో దేవుడి అభిప్రాయం నాకు స్పష్టంగా తెలుసు. అది అచ్చంగా నా అభిప్రాయమే. మా ఇద్దరికీ టై ఇష్టం. ఇద్దరికీ డ్రమ్స్ పడవు. నా ఇరవయ్యో ఏడు దాటాక పుట్టిన పాటలు ఇద్దరికీ చెవికెక్కవు.

పోయిన ఆదివారం డ్రమ్స్ దగ్గర కూర్చున్న కుర్రవాడి జీన్స్ ఎడమ మోకాలి మీద జానెడు చిరిగి ఉంది. అంచున తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. పదకొండు. ప్రార్థన జరుగుతుండగా లెక్కపెట్టాను. సంఘమంతా కళ్లు మూసుకున్నప్పుడు ఎవరో ఒకరు తెరుచుకుని ఉండాలి కదా. ఆ భారం ఏళ్ల తరబడి నేనే మోస్తున్నాను. మోకరించి మోకరించి చిరిగిందేమో అంది నా భార్య. ఆవిడ ఎప్పుడూ ఇలాగే మనుషుల్లో మంచి వెతుకుతుంది.

లేఖనాలు నా పక్షాన లేవని కొందరి ఆరోపణ. దావీదు రాజు నార ఏఫోదు అనే యాజకుల వస్త్రం చుట్టుకుని దేవుని మందసం ముందు గంతులు వేస్తుంటే, కిటికీలోంచి చూసి చీదరించుకున్న ఆయన భార్య మీకాలు ఉంది కదా! ఆ కథ ఆమెకు అనుకూలంగా ముగియదన్నది నిజమే. అందుకే అక్కడ పేజీ తిప్పేస్తాను. ఇక నూట యాభయ్యో కీర్తనలో బూర, తంబుర, తాళాలు వరసగా ఉన్నాయి. వాటికి స్పీకర్లు తగిలించమని మాత్రం ఎక్కడా లేదు.

ఆర్గాన్ సంగతి వేరు, అది పుట్టుకతోనే పవిత్రం. 1527లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో ప్రొటెస్టంట్ సంస్కర్తలు తమ పెద్ద చర్చిలోని ఆర్గాన్‌ను పగలగొట్టించారంటే, పాపం, వాళ్లు నన్ను సంప్రదించలేదు. విచిత్రమేమిటంటే వాళ్ల నాయకుడు జ్వింగ్లీ స్వయంగా మంచి వాద్యకారుడు. 1903లో పోప్ పదవ పయస్ చర్చిలో డ్రమ్స్ వద్దన్నారని చదివి లేచి నిలబడి చప్పట్లు కొట్టబోయాను. అదే వాక్యంలో పియానో కూడా వద్దన్నారు. కూర్చున్నాను. మా ఇంట్లో పియానో ఉంది.

ఇంగ్లండులో జాన్ హూపర్ అనే ఆయన, బిషప్పుగా ఎంపికయ్యాక కూడా ఆచారం ప్రకారం వేసుకోవాల్సిన పొడవాటి ఆరాధన అంగీలు తొడుక్కోనని మొండికేసి 1551లో జైలుకు వెళ్లాడు. చివరికి దిగివచ్చి తొడుక్కున్నాడు. మా పాస్టరు అంగీ మానేసి చొక్కాతో ప్రసంగించినందుకు నేను మూడు వారాలు కానుక తగ్గించాను. ఆయన ఇంకా దిగిరాలేదు. అసలు గమనించినట్టే లేడు.

ఆరాధన చివర ఆ కుర్రవాడు నా చిన్ననాటి కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు, డ్రమ్స్‌తోనే. ఖండించడానికి సిద్ధమై కిందికి చూస్తే నా కుడి పాదం తాళం వేస్తోంది. ఎడమ పాదంతో గట్టిగా తొక్కిపట్టాను. పొద్దున్నే మెరిసేలా పాలిష్ పెట్టిన బూటు మీద పెద్ద మచ్చ పడింది. ఇదీ ఆ డ్రమ్స్ వల్లే.