డబ్బా మీద ఒరిజినల్, లోపల నకిలీ

నాన్నగారి యెజ్డీ రోడ్‌కింగ్ బైక్ నిన్న మళ్లీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. మూడు నెలల్లో ఇది మూడోసారి. ఇంజిన్ బంగారంలా ఉంది. తప్పంతా "ఒరిజినలే సార్" అని నాకు అంటగట్టిన కాంటాక్ట్ పాయింట్లది, అంటే ప్లగ్‌లో స్పార్క్ పడేలా చేసే చిన్న స్విచ్‌ది. ఇంజిన్‌తో పాటు తిరిగే క్యామ్ మీద రాసుకునే చిన్న ఫైబర్ ముక్క నాలుగు వందల కిలోమీటర్లకే అరిగిపోతోంది. అది అరిగితే పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. ఇక కాలు నొప్పి పుట్టేదాకా కిక్ కొట్టినా బండి పలకదు.

మైసూరులో ఈ బండ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది. కంపెనీ పార్టులు దొరకడం కష్టమని మాకూ తెలుసు. డూప్లికేట్ అని చెప్పి అమ్మితే ఆ ధరకే కొనుక్కుంటాం కదా! పాత డబ్బాలో నకిలీ సరుకు పెట్టి మూడింతలు గుంజడం దొంగతనం కాక ఇంకేమిటి?

పైగా మెకానిక్ సలహా ఒకటి: "అమ్మేయండి సార్, ఎందుకీ టెన్షన్." నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన బండి అది. అమ్మను. రేపు ఆ డబ్బా పట్టుకుని షాపుకే వెళ్తున్నాను.