హస్కీగారి నల్లగొండ కాపురం

ఎండలు ముదిరిన రోజుల్లో వాతావరణ వార్తలు వింటే నల్లగొండ పేరు ముందు వరుసలోనే ఉంటుంది. 45 డిగ్రీలంటే మనకు వింత కాదు. అలాంటి ఊరికి, సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన హస్కీ జాతి కుక్కను తెచ్చి పెంచడంలో లోకకల్యాణం ఏదో ఉందని నా గట్టి నమ్మకం. లేకపోతే మా వీధిలో ఒక పెద్దాయనకు ఏసీ గాలి తగిలేదే కాదు. ఏటా ఉక్కపోతకు తాళలేకపోతున్నానని ఆయన మొత్తుకుంటే, "వేపచెట్టు కింద మంచం వేసుకో నాన్నా" అన్నాడు కొడుకు. కుక్కలకు పాదాల్లో తప్ప ఒంటికి చెమట పట్టదని, రొప్పి చల్లబడటమే వాటికి గతి అని పశువైద్యుడు చెప్పగానే ఆ కొడుకే వాయిదాల మీద ఏసీ తెచ్చాడు. పెద్దాయన ఇప్పుడు హస్కీగారి గదిలో, ఆయన మిగిల్చిన జాగాలో, హాయిగా నిద్రపోతున్నారు.

వంటింట్లోనూ సంస్కరణలు వచ్చాయి. రక్తపోటు ఉన్న యజమానికి ఉప్పు తగ్గించాలని ఎప్పుడో చెప్పారు. ఆ ఇంట్లో ఎవరూ విన్న జాడ లేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు పడవని తెలిసిన రోజు మాత్రం దానికి వేరే కుక్కర్ వచ్చింది. ఆదివారం అందులో ఉప్పూ కారం లేకుండా, చిటికెడు పసుపు వేసి కోడిమాంసం ఉడుకుతుంది. యజమాని పక్కన కూర్చుని ఆవకాయ నంజుకుంటాడు.

ఇక ఉదయపు నడక. చక్కెర జబ్బుకు నడవమని ఎంతమంది చెప్పినా కదలని మనిషిని హస్కీగారు తెల్లవారుజామునే లేపి వీధిలోకి లాక్కెళ్తున్నారు. బండి లాగే జాతి కదా! అయితే స్తంభం స్తంభానికీ ఆగి వాసన చూసే ఆ నడకకు చక్కెర తగ్గిన దాఖలా లేదు. మరో లాభం ఉంది. ఏ వీధికుక్కల ఏలుబడి ఏ మలుపు దగ్గర ముగుస్తుందో, తరువాతి ముఠా ఎక్కడ అందుకుంటుందో ఆ యజమానికి తెలిసినంతగా మున్సిపాలిటీ వారికి కూడా తెలియదు.

ఆ నడకలో ఒక ఘట్టం తప్పక చూడాలి. కుక్క ఎవరి గేటు ముందో గుండ్రంగా రెండుసార్లు తిరిగి, నడుము వంచి కూర్చుంటుంది. అంతే, యజమాని మెడ పైకి లేస్తుంది. లతీఫ్ సాహెబ్ గుట్టను ఆ పొద్దే కొత్తగా అక్కడ నిలబెట్టినట్టు తదేకంగా చూస్తాడు. గొలుసు ఒక చేతిలో ఉంటుంది గాని, దాని రెండో కొసన ఏమున్నదో ఆయనకు తెలియదు. పని ముగిసి గొలుసు బిగియగానే ప్రకృతి ఆరాధనా ముగుస్తుంది. ఇంటావిడ చీపురుతో బయటికి వచ్చేసరికి ఇద్దరూ మలుపు దాటి ఉంటారు.

బంధుత్వాలకు కూడా వేళలు వచ్చాయి. చెరువుగట్టు జాతరకు పిలిచి, "రాత్రికి ఉండి పో అక్కా" అని తమ్ముడు బతిమాలితే, "నేను లేకపోతే బ్రూనో ముద్ద ముట్టడురా" అంటూ ఆఖరి బస్సు పట్టుకుంటుంది అక్క. పిల్లల పరీక్షలని చెబితే నొచ్చుకునే బంధువులు దీనికి మారుమాట లేకుండా టిఫిన్ డబ్బా కట్టి ఇస్తున్నారు, బ్రూనోకు కూడా.

దీపావళికి వీధి చివరిదాకా సరం పరిచి కాల్చిన వీరుడు ఇప్పుడు శబ్దకాలుష్యం మీద ప్రసంగిస్తున్నాడు. అప్పట్లో పక్కింటి పసిపాప ఉలిక్కిపడి ఏడ్చినప్పుడు మాత్రం, "పండుగ కదండీ" అన్నాడు.

అతిథి మర్యాద గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. గేటు దగ్గర బిగుసుకుపోయిన చుట్టాన్ని చూసి లోపలి నుంచే అభయమిస్తారు: "రండి రండి, మంచివాళ్లను ఏమీ అనదు." మొన్న ఒకాయన ఆ మాట నమ్మి గేటు దాటాడు. పిక్క పట్టుకుంది. ఆ క్షణం నుంచి ఆయన నడవడిక మీద వీధిలో చర్చ మొదలైంది. పాపం, ప్రభుత్వాసుపత్రిలో మొదటి సూది వేయించుకుని, తరువాత 3, 7, 28 రోజుల సూదులకు తేదీలు రాయించుకుని వచ్చాడు. మూడో రోజు సూదికి బయలుదేరుతుంటే యజమాని ఫోన్ చేశాడు. పరామర్శకేమో అనుకుని ఎత్తాడు.

"మీరు ఆ రోజు అంత గట్టిగా అరవకుండా ఉండాల్సిందండీ. అప్పటి నుంచి మావాడు సరిగ్గా తినడం లేదు."