సభ్యులు కావలెను: బరువున్న వారికి ప్రాధాన్యం

తెరచాప పడవలు నడిపే సెయిలింగ్ సంఘాల్లో సభ్యులు తగ్గిపోతున్నారని దిగులు పడని కార్యవర్గం ఈమధ్య కనిపించడం లేదు. కారణం అందరికీ తెలిసిందే: ఈకాలం పిల్లలు, వాళ్ల చేతుల్లో ఫోన్లు. సర్వసభ్య సమావేశంలో ఈ మాట అనగానే తలలన్నీ ఒక్కసారే ఊగుతాయి. ఆ తలల్లో నల్ల వెంట్రుక కోసం వెతకడం మర్యాద కాదు.

పిల్లలు రావడం లేదనడం మాత్రం అన్యాయం. 1947లో పుట్టిన ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ ఉంది. పొడవు 2.3 మీటర్లు. ఎన్నో దేశాల పిల్లలు అందులోనే ఓనమాలు దిద్దుకుంటారు. పదిహేనేళ్లు నిండిన ఏడాదితో ఆ పోటీలకు సెలవు. తర్వాత ఏ పడవ ఎక్కాలో, ఎవరితో వెళ్లాలో చెప్పే నాథుడు ఉండడు. మన వాళ్లది ఓర్పుతో కూడిన విధానం: పదిహేనో ఏట వదిలేసి, రిటైరయ్యాక సొంత పడవ కొనుక్కుని వస్తారని గట్టున ఎదురుచూడడం. మధ్యలో నలభై ఏళ్లు చందా రాదు, అంతే కదా!

పెద్దయ్యాక దారి తప్పి వచ్చే కొత్తవాళ్లకూ లోటు చేయడం లేదు. పడవ మరీ ఒరిగిపోకుండా గాలి వచ్చే వైపు అంచు మీద, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చోబెడతారు. పడవ మలుపు తిరిగినప్పుడల్లా తెరచాప అడుగున అటూ ఇటూ ఊగే కర్ర, అదే బూమ్, తలకు తగలకుండా వంగి, పాక్కుంటూ అవతలి అంచుకు చేరాలి. ఇదీ ఉద్యోగం. 19వ శతాబ్దంలో న్యూయార్క్ ప్రాంతంలో శాండ్‌బ్యాగర్లనే పందెపు పడవలుండేవి. వాటిలో ఇదే పనికి ఇసుక బస్తాలు పెట్టుకునేవారు, మలుపు మలుపుకీ మనుషులే వాటిని అటూ ఇటూ మోసేవారు. ఇప్పుడు బస్తాలు తమంతట తామే పాకుతున్నాయి. ఇంత ప్రగతి చూపించాక కూడా సభ్యత్వం తీసుకోమంటే మొహం చాటేస్తారు, ఏం మనుషులో!

ఇక కేకల సంగతి. మొదటి జెండా ఎగిరాక అయిదు నిమిషాలకు పందెం మొదలవుతుంది. ఇంట్లో నోరెత్తని పెద్దమనిషికి ఏడాదికి సరిపడా అరుపులు ఆ అయిదు నిమిషాల్లోనే బయటికొస్తాయి. పందెం అయ్యాక ఏ పడవ ఏ పడవకు దారివ్వాలో విచారణ జరుగుతుంది, అది పందెం కన్నా ఎక్కువసేపు పడుతుంది. కొత్తవాడు తడిసిన బట్టలతో బయట నిలబడి ఉంటాడు, తీసుకొచ్చినవాడు లోపల ఉన్నాడు గనక.

సభ్యులను పెంచడానికి ఉపసంఘం వేశారు. కోరం లేక అది ఇంకా సమావేశం కాలేదు. ఈలోగా నా సూచన: తగ్గడాన్నే వేడుకలా చేసుకుందాం. మిగిలిన మూడు పడవలకు మూడు పోటీ విభాగాలు పెడితే ముగ్గురూ ప్రథములే. బీరువా నిండా కప్పులున్నాయి, పంచుకోవడమే తరువాయి.

కొత్తవాళ్లకు పది నిమిషాలు చుక్కాని ఇచ్చి చూద్దామని ఎవరో అన్నారట. మంచిదే కానీ, చుక్కాని పట్టడానికి అనుభవం ఉండాలి. ఆ ప్రతిపాదన ఎజెండాలో కప్పుల పాలిష్ ఖర్చు తర్వాత ఉంది. పాలిష్ మీద చర్చ వచ్చే సమావేశానికి వాయిదా పడింది.