ఏడు యూనిట్లకు 254 రూపాయలు

కిందటి మే నెలలో మా ఇంటి మీటరు 207 యూనిట్లు తిరిగింది. ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర, 1,074 రూపాయలు వచ్చింది. 200 దగ్గర ఆగి ఉంటే 820తో పోయేది. చివరి ఏడు యూనిట్లకు మేం కట్టింది 254 రూపాయలు. ఎండాకాలంలో ఏడు యూనిట్లంటే మా ఇంట్లో ఒక్క రోజు వాడకం.

మీటరులో లోపం లేదు, రీడింగ్ కూడా సరిగ్గానే తీశారు. తెలంగాణ టారిఫే అలా ఉంది. నెలకు 100 దాటి 200 యూనిట్లు మించని ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున వేస్తారు. 200 దాటితే ఆ ఇల్లు వేరే కేటగిరీలోకి పోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 201వ యూనిట్ నుంచి 7.70. వంద దగ్గరా ఇలాంటి గట్టే ఉంది: 100 యూనిట్లకు 252.50 అయితే, 101కి 344.80. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం ఉన్న కుటుంబానికి ఈ దెబ్బ ఇంకా పెద్దది. 200 వరకు సున్నా బిల్లు వచ్చే ఇంటికి 201వ యూనిట్‌తో వెయ్యి రూపాయల పైన బిల్లు వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఈ కేటగిరీలు లేవు. తొలి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఎంత ఎక్కువ వాడినా కింది మెట్ల రేటు మారదు. పాత ఖర్చుల తేడాను తర్వాత రాబట్టే ట్రూ అప్ పేరుతో, ఇంధన సర్దుబాటు పేరుతో పడే భారం వేరే సంగతి, అక్కడి జనం కోపం కూడా దాని మీదే. కానీ ఒక్క యూనిట్ తేడాతో రెండు వందలు పోయే పరిస్థితి అక్కడ లేదు. కరెంటు రేట్లు ఖరారు చేసే తెలంగాణ ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) కూడా ఈ పద్ధతికి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అది జరిగేదాకా ఇంట్లో ఏం చేయగలం? పొదుపు అనగానే లైట్లు ఆర్పమంటారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ కాదు. దాని కోసం పిల్లల్ని కసురుకోవడం అనవసరం. మన ఇళ్లలో పగలూ రాత్రీ తిరిగేది ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్ల దాకా తీసుకుంటుంది, నెలకు పదమూడున్నర యూనిట్లు. ఒక్క ఫ్యాను మీద ఇరవై, మూడు ఫ్యాన్ల మీద అరవై యూనిట్లు మిగులుతాయి.

ఆ అరవై ఎక్కడ తగ్గుతాయన్నదే ముఖ్యం. 240 వాడే ఇల్లు 180కి దిగితే తెలంగాణలో ఎనర్జీ చార్జీ 1,328 నుంచి 724కి పడిపోతుంది. గృహజ్యోతి ఉంటే సున్నా. ఆంధ్రలో అదే ఇంటికి 1,148 నుంచి 747కి తగ్గుతుంది. మూడు ఫ్యాన్లకు సుమారు తొమ్మిది వేలు అవుతుంది. చలికాలం తీసేసినా, నా లెక్కలో తెలంగాణలో రెండేళ్ల లోపే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఏసీ ఉన్నవాళ్లు 24 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకోవడం, గీజరు స్నానానికి ముందు వేసి వెంటనే కట్టేయడం, ట్యాంకు నిండి పొర్లేదాకా మోటారు వదిలేయకపోవడం అందరికీ తెలిసినవే. బిల్లు మీద పాత రీడింగ్ ఉంటుంది కాబట్టి, ఇరవయ్యో రోజున ఒకసారి మీటరు చూసుకుంటే గట్టుకు ఎంత దూరంలో ఉన్నామో తెలిసిపోతుంది. కిందటి మేలో నేను చూసుకోలేదు.

అయితే నెలకు పన్నెండు వేలు సంపాదించే ఇంట్లో ఒకేసారి తొమ్మిది వేలు ఎక్కడి నుంచి వస్తాయి? తక్కువ ధర ఫ్యాను కొన్నవాళ్లు ఆ తేడాను నెలనెలా బిల్లులో కడుతూనే ఉంటారు. ఈ చిక్కును మనం ఒకసారి దాటాం. 2014లో గుంటూరు జిల్లాలో పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి అది దేశమంతా విస్తరించింది, తర్వాత ఉజాలా అన్న పేరు స్థిరపడింది. ప్రభుత్వమే కోట్లలో కొనడం వల్ల మూడు వందల పైన ఉన్న బల్బు టోకు ధర 2016 నాటికి నలభై లోపుకు దిగింది. ఫ్యాన్లకూ అలాగే చేయొచ్చు. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కొని ఇంటింటికీ ఇచ్చి, నెలకు రెండు వందల చొప్పున బిల్లులోనే వసూలు చేసుకుంటే, మిగిలే డబ్బులోంచే కిస్తీ తీరుతుంది. ఉచిత యూనిట్లకు ప్రభుత్వం ఏటా కట్టే సబ్సిడీ కూడా తగ్గుతుంది.

ఇవేవీ అందని వాళ్లు ఒకరున్నారు. ఓనరు మీటరు కింద పెట్టిన సబ్ మీటరు మీద బతికే అద్దెవాళ్లు. ఒక ఇంట్లో నాలుగు పోర్షన్లు, ఒక్కొక్కరు వంద యూనిట్లు వాడారనుకోండి. ఎవరి మీటరు వాళ్లకుంటే నలుగురికీ కలిపి 1,010 రూపాయలు. ఒకే మీటరు మీద 400 పడితే 2,690. ఓనరు ఎంత మంచివాడైనా ఆ భారం అద్దెవాళ్ల మీద పడక తప్పదు. చాలామంది ఓనర్లు యూనిట్‌కు పది రూపాయల లెక్క పెట్టేస్తారు.

మేం ఇంతకు ముందు అద్దెకున్న ఇంట్లో పై పోర్షన్‌లో ఒక అక్క ఉండేది. నెలకు 90 యూనిట్లకు తొమ్మిది వందలు కట్టేది. సొంత మీటరు ఉంటే 221 రూపాయలే. తెల్లకార్డు ఉంది కాబట్టి అదీ కట్టక్కర్లేదు. కానీ గృహజ్యోతికి రేషన్ కార్డుతో పాటు సర్వీసు నంబరు కావాలి, అది ఆమెకు లేదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమానితో పాటు అందులో ఉంటున్నవాళ్లకూ కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. ఓనరు ఒప్పుకోలు పత్రం లేదని కరెంటు నిరాకరించకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ మాట డిస్కం దరఖాస్తు ఫారం మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. సెక్షన్ ఆఫీసుల్లో గోడ మీద రాసి పెట్టాలి.

నేను ఇదంతా అక్కకు చెప్పాను. దరఖాస్తు నేనే రాసిస్తానన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మీటరు పెట్టిస్తారు సరే తమ్ముడూ, ఇల్లు ఖాళీ చెయ్యమంటే పిల్లల బడి దగ్గర ఇంత అద్దెకు ఇంకోటి దొరుకుతుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ నెల కూడా ఆమె తొమ్మిది వందలు కట్టింది.