మూడు మీటర్ల మినహాయింపు కోసం ఒక విన్నపం

మన దగ్గర పరిశ్రమలు ఎందుకు ఎదగడం లేదని అడిగితే పెద్దలు కరెంటు చార్జీలనో, బ్యాంకు వడ్డీలనో, చైనా సరుకునో చూపిస్తారు. అసలు శత్రువు మాత్రం ఫ్యాక్టరీ గోడకీ ప్రహరీకీ మధ్య హాయిగా పడుకుని ఉంది. దాని పేరు సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ వదలాలని నిబంధన చెప్పే ఖాళీ. డబ్బు పోసి కొన్న స్థలం, స్టాంపు డ్యూటీ కట్టిన స్థలం, కాపలాకి మనిషిని పెట్టుకున్న స్థలం. అయినా అందులో ఒక్క ఇటుక పెట్టకూడదట. గజం ధర చెబితే గుండె ఆగేలా ఉన్న ఈ రోజుల్లో గాలికి ఇంత ఉచిత వసతి కల్పించిన సమాజం ఇంకొకటి ఉండదు.

పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే యజమాని ఒకాయన ఉన్నారనుకుందాం. ఆర్డర్లు పెరిగాయి, కొత్త మౌల్డింగ్ మెషిన్ దారిలో ఉంది. షెడ్డుని వెనక్కి మూడు మీటర్లు పొడిగించాలి. దరఖాస్తు పెడితే, అక్కడ అనుమతులు చూసే ఐలా (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) వాళ్లు ప్లాన్ తిరగేసి, వెనకంతా ఖాళీ వదలాలి కదా అంటారు. ఇక్కడే మన వ్యవస్థకి క్షేత్రజ్ఞానం లేదని తెలిసిపోతుంది. ఖాళీ ఎక్కడుంది? ఒక పక్క జనరేటర్, దాని మీద రేకులు. ఇంకో పక్క కెమికల్ డ్రమ్ములు, వాటి మీద టార్పాలిన్. మూల మీద వాచ్‌మన్ గది, గదిలో వాచ్‌మన్ కుటుంబం, గది మీద డిష్ యాంటెనా. సెట్‌బ్యాక్ ఏనాడో నిండిపోయింది. ఆయన కోరేదల్లా అక్కడ ఉన్నదాని మీద చట్టబద్ధమైన కప్పు ఒకటి వేయనివ్వమని.

చట్టం మరీ రాతి గుండెది అనుకోకండి. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల 168 జీవోని ఓపికగా చదివితే కన్నతల్లి కనిపిస్తుంది. ఒక వైపు వదలాల్సిన ఖాళీలో కొంత ఇంకో వైపుకి సర్దుకోవచ్చంటుంది. హైరైజ్ కాని, అంటే మరీ ఎత్తు లేని భవనాలైతే, ముందు వైపు తప్ప మిగతా వైపుల సెట్‌బ్యాక్‌ని 10 శాతం దాకా మింగినా జరిమానాతో సరిపెట్టుకుంటానంటుంది. ఆ జరిమానా ఎంత? ఉల్లంఘించిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ రాసుకున్న భూమి విలువ, అంతే.

ఈ చివరి వాక్యం దగ్గర యజమాని కళ్లలో వెలుగు చూడాలి. రిజిస్ట్రేషన్ శాఖ విలువకీ మార్కెట్‌లో పలికే ధరకీ మధ్య ఎంత తేడా ఉంటుందో మన రాష్ట్రాల్లో స్థలం కొన్న ప్రతివాడికీ తెలుసు. అంటే బయట కొనబోతే పది మంది బ్రోకర్లు చుట్టుముట్టే భూమి, సొంత ప్రహరీ లోపలే, ప్రభుత్వ ధరకి దొరుకుతోంది. దీన్ని శిక్ష అంటే నేనొప్పుకోను. జరిమానా ఒక్కసారి కడితే చాలు, అద్దె నెలనెలా వస్తుంది. ఇంత మంచి పెట్టుబడి పథకానికి ప్రభుత్వం ఒక ప్రకటన కూడా వేసుకోకపోవడం దాని నిరాడంబరతే తప్ప మరొకటి కాదు. ఇక ఆ 10 శాతం 12 అయిందో 20 అయిందో కొలవడానికి ఒక టేపూ, ఇద్దరు మనుషులూ కావాలి. టేపు ఒక కొస ఎవరు పట్టుకున్నారన్న దాన్ని బట్టి మీటరు పొడవు మారుతుందని ఫిజిక్సు వాళ్లు ఇంకా కనిపెట్టలేదు, టౌన్ ప్లానింగ్‌లో అందరికీ తెలుసు.

అమెరికా పద్ధతి ఎంత అమానుషమో అక్కడున్న మనవాళ్లని అడగండి. సెట్‌బ్యాక్ నుంచి మినహాయింపు కావాలంటే కట్టకముందే అడగాలి. బోర్డు కూర్చుంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది, ఇరుగుపొరుగుకి నోటీసులు వెళ్తాయి. స్థలం వంకరగా ఉందనో, వెనక వాగు ఉందనో కష్టం చూపించాలి. మెషిన్ పెద్దది కొన్నాను, పట్టడం లేదు అంటే మామూలుగా అక్కడ పని జరగదు, ఎందుకంటే అది నీకు నువ్వు తెచ్చుకున్న కష్టం. మన పద్ధతిలో ఇంత అవమానం లేదు. ముందు కడతాం, తర్వాత అడుగుతాం. అధికారికి ప్లాన్ చూసి ఊహించుకునే శ్రమ ఉండదు, నేరుగా వచ్చి గోడని తట్టి చూసుకోవచ్చు. పక్క ప్లాటు ఆయన అభ్యంతరం చెబుతాడన్న టెన్షన్ కూడా లేదు. ఆయన షెడ్డు అప్పటికే ఇటువైపు ప్రహరీ మీద ఆనుకుని ఉంటుంది.

ఇలా అడిగిన వాళ్ల కోసమే 2007 చివర్లో భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. ఇదొక్కసారికే అన్నారు. 2015లో తెలుగు రాష్ట్రాలు రెండూ చెరో పథకం తెచ్చి మళ్లీ ఒక్కసారికే అన్నాయి. తెలంగాణది హైకోర్టులో చిక్కుకుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంకోసారి ఒక్కసారి అవకాశం ఇచ్చింది. ఇన్ని ఒక్కసారులు చూశాక, నిబంధన ప్రకారం ఖాళీ వదిలిన అమాయకుడి గతేమిటన్నదే నా బాధ. అతని కోసం ఏ పథకమూ లేదు. స్థలం పోయింది, అద్దె పోయింది, చుట్టాల్లో పరువూ పోయింది. ‘అంత జాగా ఊరికే వదిలేశావేంట్రా?’ అని మామగారు అడిగితే ఏ జీవో చూపించాలి?

ఇక ఫైరింజన్ వాదన. హైరైజ్ భవనమైతే చుట్టూ కనీసం 7 మీటర్లు ఉండాలని రూలు రాసింది ఫైరింజన్ తిరగడానికే అంటారు. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య జాగా లేకపోతే మంట ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకుతుందనీ అంటారు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. అలాంటి వారంలో మినహాయింపు ఫైలు కదపడం మర్యాద కాదని నేనూ ఒప్పుకుంటాను. వారం ఆగాలి. నష్టపరిహారం ప్రకటించాక, తనిఖీలు చేయండని పైనుంచి మాట వచ్చాక, పేపర్లలో ఆ వార్త లోపలి పేజీలకి వెళ్లాక, అప్పుడు పెట్టాలి. చనిపోయిన వాళ్ల ఊళ్లు చాలా దూరం. అభ్యంతరం చెప్పడానికి అక్కడి నుంచి ఎవరూ రారు.

సుప్రీంకోర్టు కూడా పరిశ్రమల కష్టం అర్థం చేసుకోలేదు. 2024 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో, అక్రమ కట్టడం ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా, అధికారులు కళ్లు మూసుకున్నా అది సక్రమం కాదంది. కళ్లు మూసుకోవడానికి అధికారులు పడిన శ్రమని ఒక్క మాటలో కొట్టిపారేశారు. నోటీసు ఇచ్చి, జవాబు తీసుకుని, దాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైలు కనిపించకుండా చూసుకోవడం అంటే మాటలా?

అంచేత నా విన్నపం సులువైనది. సెట్‌బ్యాక్‌ని రద్దు చేయొద్దు. ప్లాన్ కాగితం మీద నీలం గీతల్లో అది చాలా అందంగా ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచండి. నేల మీద మాత్రం మన డబ్బాల యజమానికి ఆ మూడు మీటర్లూ ఇచ్చేయండి. షరతులు పెట్టాలనుకుంటే పెట్టండి, ఆయన మంచి మనిషి, దేనికీ కాదనరు. 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటులో చుట్టూ మీటరు వెడల్పున పచ్చదనం ఉండాలన్న నిబంధన గురించి కూడా ఆయనకి చెప్పాం. వెంటనే ఒప్పుకుని, ప్రహరీకి లోపలి వైపు మీటరు ఎత్తున కొట్టడానికి ఆకుపచ్చ ఎనామిల్ పెయింట్ నాలుగు డబ్బాలు తెప్పించారు.